మాత్ర వేళకు మేళం: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పార్కిన్సన్స్ ఉన్నవారికి వారం వారం కార్యక్రమం నడిపే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు తెలుగు ఇళ్ళలో దీన్ని వణుకుడు జబ్బు అంటారు. ఆ పేరుతోనే సగం ఇబ్బంది మొదలవుతుంది. వణుకు బొత్తిగా లేకుండా నడక మందగించినవాళ్ళు, మొహంలో కదలిక తగ్గినవాళ్ళు, గొంతు సన్నబడినవాళ్ళు, అక్షరం చిన్నదైపోయినవాళ్ళు ‘ముసలితనంలే’ అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. మెదడులో కదలికల సందేశాలు మోసే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా తగ్గడం వల్ల కదలికలకు ఈ ఇబ్బంది వస్తుంది. పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు ఇంకా లేదు. లెవోడోపా మాత్ర ఆ లోటును కొన్ని గంటలపాటు పూడుస్తుంది. క్రమం తప్పని వ్యాయామం నడకను, తూకాన్ని, గొంతును నిలబెడుతుంది. ఊళ్ళో పదిమందిని పోగుచేసి ఆ వ్యాయామం వారం వారం చేయించడానికి ఏమేం కావాలో, ఎక్కడ చెడుతుందో ఇక్కడ వరసగా రాస్తున్నాం.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇలాంటి కార్యక్రమాలు ఎక్కువగా దెబ్బతినేది వేళ దగ్గర. హాలు ఖాళీగా ఉన్నప్పుడో, ఫిజియోథెరపిస్టుకు తీరిక ఉన్నప్పుడో పెడితే వచ్చినవాళ్ళలో సగంమంది బిగుసుకుపోయి కూర్చుంటారు. మిగతా ఏర్పాట్లన్నీ మాత్ర వేళ చుట్టూ తిరగాలి.

మొదటి అడుగు: మనుషుల్ని కనుక్కోవడం

మందుల దుకాణాలతో మొదలుపెట్టండి. లెవోడోపా ఉండే సిన్డోపా మాత్రలు ఎవరెవరు కొంటున్నారో దుకాణదారుకు తెలుసు. ఆ పేర్లు మాత్రం ఆయన్ని అడగకూడదు, చెప్పినా రాసుకోకూడదు. కార్యక్రమం రోజు, చోటు, ఫోన్ నంబరు ఉన్న చీటీలు యాభై ఇచ్చి, ఆ మాత్ర కొన్నవారి సంచిలో ఒక్కోటి వేయమంటే చాలు. చీటీకి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్ళు ఈ జిల్లాల్లో చాలామంది. తెలుగు ఒక్కటే అచ్చేస్తే కొడుకులు, కోడళ్ళు చదవలేరు.

తర్వాత ఆశా దీదీలు, ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, షుగరు చూసే విభాగం, ఊళ్ళో ఫిజియోథెరపిస్టులు. నడక మందగించిందని ఎవరైనా వస్తే పార్కిన్సన్స్ అని మీరు పేరు పెట్టకండి. వైద్య కళాశాల ఉన్న బరంపురానికో కోరాపుట్‌కో, అలవాటున్న శ్రీకాకుళానికో విశాఖపట్నానికో పంపండి. పంపేముందు ఒక ప్రశ్న తప్పక అడగండి: తల తిరుగుడుకు స్టుగెరాన్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడుతున్నారా? సిన్నరిజీన్, ఫ్లునరిజీన్ అనే ఆ మందులు అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించగలవు. డాక్టరు వాటిని ఆపించాక కొన్ని వారాల్లో, నెలల్లో తేరుకున్నవాళ్ళున్నారు.

రెండో అడుగు: చేరిక కార్డు

ఒక్కొక్కరికి ఒక అట్ట కార్డు పెట్టండి. వయసు, జబ్బు ఏ ఏడు తేలింది, మాత్రల పేర్లు, వేసుకునే వేళలు, గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారు, గుమ్మం దగ్గర కాళ్ళు అతుక్కుపోతాయా, గుండె జబ్బు, షుగరు, మోకాళ్ళు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాయండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్య ఎముక విరిగినవాళ్ళు డాక్టరు నుంచి వ్యాయామానికి సరే అన్న చీటీ తెచ్చాకే చేరాలి.

మాత్ర పేరు రాసేటప్పుడు అంకె కూడా రాయాలి. సిన్డోపా 110లో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, అది మెదడు చేరేలోపు వృథా కాకుండా చూసే కార్బిడోపా 10. సిన్డోపా ప్లస్‌లో 100, 25. 275లో 250, 25. ‘పసుపు మాత్ర పొద్దున్నే ఒకటి’ అని రాసుకుంటే, దుకాణం మారినరోజు అదే పొరపాటుకు దారి తీస్తుంది.

ఆ తర్వాత మూడు రోజుల పట్టీ. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా గంటకో గడి గీసి ఇంటికివ్వండి. మాత్ర వేసుకున్న గడిలో చుక్క, ఒళ్ళు తేలిగ్గా కదిలిన గడిలో టిక్కు, బిగుసుకుపోయిన గడిలో అడ్డగీత పెట్టమనండి. డాక్టర్లు ఆన్, ఆఫ్ అనేవి ఈ వేళలే. పట్టీలన్నీ పక్కపక్కన పరిస్తే ఎక్కువమందికి టిక్కులు పడిన గంట కనిపిస్తుంది. అదే మీ కార్యక్రమం వేళ. మామూలుగా మాత్ర వేసుకున్న 45 నిమిషాల నుంచి గంట తర్వాత ఒళ్ళు బాగా తేలుతుంది. ఎండాకాలంలో ఈ లెక్కకు తోడు ఉక్కను కూడా చూసుకుని, పొద్దున తొమ్మిదిన్నర లోపే ముగిసేలా పెట్టాలి. అంత పొద్దున్నే రాలేనివాళ్ళు ఒకరిద్దరుంటే వాళ్ళ మాత్ర వేళ మీరు జరపకండి. అది డాక్టరు పని.

మూడో అడుగు: చోటు, సామాను

నేలమట్టంలో ఉన్న గది కావాలి. కల్యాణ మండపం, బడి హాలు, గుడి పక్క వసారా ఏదైనా సరే. మెట్లుంటే రెండువైపులా పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. మరుగుదొడ్డిలో కమోడ్ ఉందో లేదో ముందే చూడండి. మూత్రం ఆపుకోలేకపోవడం ఈ జబ్బులో మామూలే కాబట్టి దొడ్డి దూరంగా ఉంటే జనం రెండో వారం రారు. కారణం ఎవరూ చెప్పరు కూడా.

నేలమీద చాపలు, జంపఖానాలు పరవకండి. అంచులు కాలికి తగులుతాయి, కింద కూర్చున్నవాళ్ళు లేవలేరు. చేతులున్న కుర్చీలు మనిషికొకటి, కూర్చునే ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే పలచటి ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది. అదే దొరికితే గోడకు ఆనించి వేయండి. ఇవికాక బీపీ మిషను, సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారం, నేలకు ఎదురు రంగులో అంటించే టేపు రెండు చుట్టలు, కోలాటం కర్రల జతలు పది, నీళ్ళు నింపిన అరలీటరు సీసాలు, వెడల్పు గీతల పుస్తకాలు. ఖర్చంతా ఇంతే.

పదిమందికి మించి మొదట్లో తీసుకోవద్దు. ముగ్గురికి ఒక సహాయకుడు, తరచూ పడేవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్కరు. ఈ పనికి నర్సింగ్ విద్యార్థులు బాగా పనికొస్తారు. అయితే వాళ్ళకు రెండు గంటల శిక్షణ ఇవ్వకుండా మనుషుల మీద చేయి వేయనీయకండి. శిక్షణలో ముఖ్యమైనది ఒకటే: చేతులు పట్టి ముందుకు లాగకూడదు. లాగితే ఒళ్ళు ముందుకొస్తుంది, పాదాలు వెనకే ఉండిపోతాయి, ఇద్దరూ పడతారు.

నాలుగో అడుగు: గంటసేపు ఏం చేయించాలి

రాగానే ‘మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?’ అని అడిగి కార్డులో రాయండి. కూర్చోబెట్టి అయిదు నిమిషాలయ్యాక బీపీ, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ బీపీ చూడాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే ఆ రోజు ఆ మనిషికి అన్నీ కుర్చీలోనే. ఈ జబ్బువల్లా, మందులవల్లా కూడా నిలబడగానే బీపీ పడుతుంది. ఎండలో నడిచొచ్చినవాళ్ళకు మరీను.

మొదటి పది నిమిషాలు కుర్చీలో. రెండు చేతులూ పక్కలకు బారచాచి వేళ్ళు పూర్తిగా విప్పడం, నడుము పైభాగం ఎడమకు కుడికి తిప్పడం, మడమలు, ముని వేళ్ళు మార్చి మార్చి లేపడం. ఒక్కోటి ఎనిమిదిసార్లు. ఇక్కడ చెప్పవలసిన మాట ‘పెద్దగా’. పార్కిన్సన్స్‌లో మెదడు కదలికను చిన్నది చేసి, అదే మామూలని అనిపింపజేస్తుంది. మనిషికి అతిగా చేస్తున్నట్టు అనిపిస్తే తప్ప బయటివాళ్ళకు సరిగ్గా చేసినట్టు కనపడదు. ‘జాగ్రత్త, మెల్లగా’ అని ఇంట్లోవాళ్ళు రోజంతా అంటూనే ఉంటారు, ఈ గంటలో ఆ మాట వద్దు.

కుర్చీలోంచి లేవడం నేర్పించడానికి రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి. ముందు కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి, జానెడు ఎడంగా పెట్టాలి. ముక్కు కాలివేళ్ళ మీదికొచ్చేంత ముందుకు వంగాలి. అప్పుడు ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టి లేవాలి. చాలామంది వెనక్కి ఆనుకునే లేవబోతారు, మళ్ళీ కుర్చీలో కూలబడతారు. అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 16 సెకన్లు దాటితే ఆ మనిషి పడే ముప్పు ఎక్కువని గుర్తు పెట్టుకోండి.

నడకకు నేలమీద టేపుతో అడ్డగీతలు వేయండి, గీతకూ గీతకూ 40 నుంచి 50 సెంటీమీటర్లు, పొట్టివారికి కాస్త తక్కువ. గీత దాటి మడమ ముందు ఆనాలి. అడుగు తనంతట తాను పడకపోయినా కంటికి గీత కనిపిస్తే, చెవికి తాళం వినిపిస్తే పడుతుంది. బయటి ఆనవాలు దొరికినప్పుడు మెదడు వేరే దారిలో కదలికను నడిపిస్తుంది. తాళం వేగం అందరికీ ఒకటే పెట్టకూడదు. ఆ మనిషి తీరిగ్గా నడిచేటప్పుడు నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి, ముందు అదే వేగం, కొన్ని వారాలయ్యాక పదోవంతు పెంచాలి. మరీ వేగం పెంచితే అడుగులు చిన్నవై పరుగులోకి దిగుతాయి.

మలుపులు ఇంకా ప్రమాదం. ఒక్కచోటే గిర్రున తిరగకుండా ఎద్దుబండి మలుపు తిప్పినట్టు వెడల్పుగా తిరగమనండి.

కాళ్ళు నేలకు అతుక్కుపోతే నాలుగు మాటలు అందరికీ కంఠతా రావాలి: ఆగు, ఊపిరి వదులు, పక్కకు ఊగు, పెద్ద అడుగు వెయ్యి. ఆగకుండా ముందుకు తోసుకోవడమే పడిపోవడానికి కారణం. ఒళ్ళు ఎడమకు కుడికి ఊగినప్పుడు ఒక కాలిమీది బరువు తీరుతుంది, అప్పుడే అది లేస్తుంది. పక్కనున్నవాళ్ళు ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు సలహాలిస్తే కాళ్ళు ఇంకా బిగుస్తాయి.

ఈ అతుక్కోవడం ఎక్కువగా గుమ్మాల దగ్గర జరుగుతుంది. ఇంట్లో గడపకు ఇవతల మూడు అడ్డగీతలు, అవతల మూడు అడ్డగీతలు రంగుతో వేయించండి. వాకిట్లో అడ్డగీతల ముగ్గు కూడా ఇదే పని చేస్తుంది. కళ్ళాపి తడి ఆరకముందు మాత్రం దానిమీద అడుగు పెట్టనివ్వకూడదు.

ఇక కోలాటం. బ్రూక్లిన్‌లో 2001లో ఒక నాట్య బృందం పార్కిన్సన్స్ ఉన్నవారికి నాట్యం తరగతులు మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలకు అది పాకింది. మనకు కోలాటం ఉండగా వేరే నాట్యం వెతకనక్కర్లేదు. తాళం, బారచాచిన చేయి, ఎదుటి మనిషి కర్ర మీద చూపు మూడూ అందులోనే ఉన్నాయి. మొదటి నాలుగు వారాలు ఎదురెదురు కుర్చీల్లో కూర్చునే వేయించండి: తన కర్రలు రెండూ ఒకసారి, ఎదుటివారి కుడి కర్ర ఒకసారి, మళ్ళీ తనవి, ఎదుటివారి ఎడమ కర్ర. తర్వాత నిలబడి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తూ. గుండ్రంగా తిరగడం, వెనక్కి అడుగులు, జడ కోలాటం వద్దు. కర్ర కొడుతూ పాట పాడటం రెండు పనులు ఒకేసారి చేయడమే. ఇది మంచి సాధనే కానీ పడే అలవాటున్నవాళ్ళతో కూర్చునే చేయించాలి. జయపురం వైపు ధింసా తెలిసినవాళ్ళుంటే ఆ పక్క అడుగులు చక్కగా పనికొస్తాయి, నడుం చుట్టూ చేతులు పెనవేయడం మాత్రం తీసేయండి. ఒకరు పడితే వరస మొత్తం పడుతుంది.

గొంతుకు పది నిమిషాలు. ఊపిరి నిండా తీసుకుని ‘ఆ’ అని పది సెకన్లు, అయిదుసార్లు. తర్వాత రోజూ ఇంట్లో అనే మాటలు పది: ‘కాఫీ ఇవ్వు’, ‘తలుపు వెయ్యి’, ‘మాత్ర వేళయింది’. అరుగుమీంచి ఎదురింటి మనిషిని పిలిచినంత గట్టిగా. గొంతు నరాలు బిగించి అరిస్తే బొంగురుపోతుంది, పొట్టలోంచి రావాలి. ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉంటే నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి కొలవండి. ఆ అంకె కచ్చితం కాదు, అదే మనిషి అంకెను పోయిన వారంతో పోల్చడానికి సరిపోతుంది. చివర్లో నోటికొచ్చిన పద్యం ఒకరి తర్వాత ఒకరు. రాతకు రెండు సెంటీమీటర్ల గీతల మధ్య ఆరు వరసలు రాయిస్తే చాలు. మన లిపిలో ముందు చిక్కిపోయేవి వత్తులే, వాటిని కింది గీత తాకేలా రాయమనండి.

అయిదో అడుగు: తిండి, మాత్ర

మాత్ర భోజనానికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత. పప్పు, చేప, గుడ్డు, పాలలోని మాంసకృత్తులు, లెవోడోపా పేగుల్లో ఒకే దారిన లోపలికి పోవాలి. రెండూ ఒకేసారి వెళ్తే మందు వెనకబడుతుంది. దీన్ని విని పప్పే మానేసినవాళ్ళుంటారు, అది తప్పు. వేళ మారిస్తే చాలు. ఐరన్ మాత్ర వేసుకునేవారు దానికీ దీనికీ కనీసం రెండు గంటలు ఎడం పెట్టాలి. ఖాళీ కడుపున వికారం వచ్చేవాళ్ళు రెండు ఉప్పు బిస్కట్లతో వేసుకోవచ్చు.

మలబద్ధకం ఈ జబ్బుతో ఏళ్ళ తరబడి ఉంటుంది, మందు పని చేయడం కూడా దానివల్ల ఆలస్యం కావచ్చు. చోడి అంబలి, ఆకుకూరలు, బొప్పాయి, రోజంతా నీళ్ళు ఇంటి అలవాట్లోవే. చద్దన్నం దగ్గర మాత్రం జాగ్రత్త. నీళ్ళూ మెతుకులూ విడివిడిగా ఉండే తిండి మింగడం కష్టమైనవారికి పొరపోయే తిండి. ఒడియావాళ్ళ పఖాళకూ ఇదే వర్తిస్తుంది. నీళ్ళు వంపేసి మెత్తగా పిసికి పెట్టాలి. కార్యక్రమం చివర టీతో మరమరాలు, అటుకులు, మిక్చరు పెట్టకండి. చట్నీలో నానిన ఇడ్లీ, మగ్గిన అరటిపండు మేలు. టీ గ్లాసు సగమే నింపాలి. తాగాక గొంతు తడిసినట్టు పలికినా, ప్రతిసారీ దగ్గు వచ్చినా, మాటిమాటికీ ఛాతీలో నెమ్ము చేరుతున్నా డాక్టరుకు చూపించాలి.

దూలగొండి గింజల పొడి సంగతి తప్పక అడగండి. అందులో నిజంగానే లెవోడోపా ఉంది. కాబట్టే మాత్రతో కలిపి తమంతట తాము వాడితే మోతాదు పెరిగి ఒళ్ళు మెలికలు తిరగడం, బీపీ పడిపోవడం జరుగుతాయి. పొడి దొరికిందని మాత్ర ఒక్కసారిగా మానేయడం ఇంకా ప్రమాదం. అలా మానేశాక ఒళ్ళు తీవ్రంగా బిగుసుకుపోవడం, జ్వరం, మతి తప్పడం వస్తే 108కి ఫోన్ చేయాలి.

ప్రతివారి జేబులో తెలుగు, ఒడియా, ఇంగ్లిషు మూడింట్లో ఒక చీటీ ఉండాలి: ‘నాకు పార్కిన్సన్స్ ఉంది. మాత్ర వేళ తప్పకూడదు. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్, హాలోపెరిడాల్ ఇవ్వవద్దు.’ మొదటి రెండూ వాంతులకు, తల తిరుగుడుకు పెరినార్మ్, స్టెమెటిల్ పేర్లతో విరివిగా ఇచ్చేవే. మూడోది మతి చలించినప్పుడు ఇచ్చేది. మూడూ డోపమిన్‌ను అడ్డుకుని జబ్బును పెంచుతాయి. విశాఖ ప్రయాణమైతే మూడు రోజుల మాత్రలు అదనంగా చేతిసంచిలో పెట్టుకోవాలి, పెట్టెలో కాదు.

ఆరో అడుగు: ఇంట్లోవాళ్ళు

నెలకొకసారి, వ్యాయామం నడుస్తుండగానే, భార్యలను, కోడళ్ళను, కొడుకులను పక్కగదిలో అరగంట కూర్చోబెట్టండి. జబ్బుమనిషి ఎదుట వాళ్ళు చెప్పలేనివి చాలా ఉంటాయి. రాత్రి కలలో అరవడం, తన్నడం. లేని మనుషులు కనిపించడం. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే పార్కిన్సన్స్ మందులు మొదలుపెట్టాక పేకాటకు, లాటరీకి, అక్కర్లేని కొనుగోళ్ళకు డబ్బు పోయడం. చివరిది మనిషి బుద్ధి చెడి కాదని, మందు వల్ల వచ్చే మార్పని, డాక్టరుకు చెబితే సరిచేస్తారని వాళ్ళకు అక్కడే చెప్పాలి. ఆ ఒక్క ముక్క తెలియక కుటుంబాలు విడిపోతాయి. దిగులుకు, నిద్రలేమికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

కాగితాల పని క్లుప్తంగా. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 రకాల్లో పార్కిన్సన్స్ ఉంది. ఒడిశా చిరునామా ఉన్నవాళ్ళు యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి పరీక్షకు వెళ్ళాలి. చాలా సౌకర్యాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. పరీక్షకు వెళ్ళేరోజు పాత చీటీలన్నీ, మూడు రోజుల పట్టీ పట్టుకెళ్ళండి. బాగా కదులుతున్న వేళ ఒక్కటే చూస్తే ఇబ్బంది కనపడదు. 70 నిండినవారి ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా మాత్రలకు రాదు.

ఏడో అడుగు: కొలత, వానాకాలం, పడినప్పుడు

మూడు నెలలకొకసారి ఒక కొలత: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు. 12 దాటితే తూకం మీద ఎక్కువ పని పెట్టాలి. మాత్ర వేసుకున్నాక గడిచిన సమయం ప్రతిసారీ ఒకటే ఉండాలి, లేకపోతే కొలిచింది మాత్రనే అవుతుంది. అంకె మారకుండా నిలబడినా మంచిదే, ఇది ముదిరే జబ్బు కదా.

వారానికి ఒక్కరోజు వ్యాయామం చాలదు. ఇంట్లో మరో మూడు రోజులు, రోజుకు అరగంట, కాస్త ఆయాసం వచ్చినా మాట్లాడగలిగేంత వేగంతో నడవాలి. ఆషాఢం నుంచి జనం తగ్గుతారు. అప్పుడు హాలు మూసేయకుండా, వీడియో కాల్లో కుర్చీ వ్యాయామం, గొంతు సాధన అదే రోజు అదే వేళకు నడపండి. తడినేల మీద హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్నవి కావాలి.

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకరు పడతారు. వెంటనే లేపకండి. పేరు పెట్టి పిలవండి, తల తగిలిందా, తుంటి, మణికట్టు నొప్పా అడగండి. కాలు బయటివైపు తిరిగి పొట్టిగా కనిపించినా, తల తగిలి రక్తం పలచబడే మందులు వాడుతున్నా కదపకుండా 108. ఏమీ లేదని తేలితే పక్కకు తిప్పి, మోకాళ్ళ మీదికి, చేతుల మీదికి తెచ్చి, ముందు ఒక గట్టి కుర్చీ పెట్టి, దానిమీద చేతులు ఆనించి లేవనివ్వండి, వెనక ఇంకో కుర్చీ సిద్ధంగా ఉండాలి. కూర్చున్నాక బీపీ చూసి, మాత్ర వేళ కనుక్కుని, రెండూ కార్డులో రాయండి. ఇంటికి ఆ పూటే ఫోన్ చేయండి. వచ్చే వారం ఆ మనిషి కుర్చీని గోడ పక్కకు మార్చి, పక్కన ఒక సహాయకుణ్ణి నిలబెట్టండి.